సరళరేఖ సులువేం కాదు

జ్యామితి మొదటి పాఠం చెప్పడంలో అమీర్‌పేట మొత్తంలో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. నమ్మకమేంటి, నిజమే. ఈ పేటలో దొరకని కోచింగ్ అంటూ లేదు. మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, చేతిలో కరపత్రం పెట్టి ఏ కంప్యూటరు కోర్సు ఎన్నాళ్లలో వచ్చేస్తుందో చెప్పేస్తారు. బిందువంటే ఏమిటో, రేఖంటే ఏమిటో నేర్పుతామనే బోర్డు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ పని మధురానగర్‌లో మా మేడమీది గదిలో నేను చేస్తాను. బోర్డు నాకూ లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆరో తరగతి పిల్లలు బడి తెరవగానే నా దగ్గరికి వస్తారు. మొదటిరోజు నల్లబల్ల మీద సుద్దతో ఒక చుక్క పెట్టి, ఇది బిందువేనా అని అడుగుతాను. అందరూ అవునంటారు. కాదంటాను. బిందువుకు చోటు ఉంటుంది, పొడవూ వెడల్పూ ఉండవు. సుద్దను ఎంత సన్నగా అరగదీసినా చుక్కకు కాస్త వెడల్పు ఉండి తీరుతుంది. కాబట్టి నేను పెట్టింది బిందువు కాదు, బిందువు ఇక్కడుందని చెప్పే గుర్తు. పిల్లలు బిక్కమొహం వేస్తారు. వేయాలి కూడా. బిక్కమొహం వేయని వాడికి పాఠం చెవిన పడలేదని అర్థం.

మా కింది వాటాలో ఒక క్రైస్తవ కుటుంబం ఉంటుంది. ఆయన సనత్‌నగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఆమె సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో వార్డు ఆయా. ఆమె తెలుగు మీడియంలో ఎనిమిదో తరగతి దాకా చదివి ఆపేసింది. ఆ మధ్య ఆసుపత్రివాళ్లు కొందరు ఆయాలకు నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణ ఇస్తామన్నారు. పది పాసై ఉండాలి, వయసు ఇంతకు మించకూడదు అని షరతు. ఈ ఏడు దాటితే ఆమె వయసు మించిపోతుంది. అందుకని పంజగుట్టలో ఓపెన్ టెన్త్ క్లాసుల్లో చేరింది. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం క్లాసు. నా దగ్గరున్న లెక్కల పుస్తకాలు ఇచ్చి, అర్థం కానిది ఉంటే పైకి రమ్మని చెప్పాను. రాలేదు. మొహమాటం.

ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది, పుస్తకాలు తిరిగి ఇచ్చేయడానికి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇవి మీ దగ్గరనే పెట్టుకోండ్రి టీచరమ్మా. నాతోని కాదు. పరీక్ష రాయను."

ఏం జరిగిందో రాబట్టడానికి టీ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు క్లాసులో చిన్న పరీక్ష పెట్టారట. సరళరేఖ అంటే ఏమిటి అన్నదానికి ఆమె, గీయడానికి సులువుగా ఉండే రేఖ అని రాసింది. అక్కడి సారు ఆ జవాబును అందరి ముందూ పైకి చదివాడు. క్లాసంతా నవ్వింది. ముందు బెంచీలో కూర్చున్న, ఆమె కన్నా బాగా చిన్నదైన ఒక అమ్మాయి నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుందట.

నాకు కోపం తొందరగా వస్తుంది, ఆ రోజు ఇంకా తొందరగా వచ్చింది. ఆ జవాబు తెలివితక్కువ జవాబు కాదు. సరళమైన భాష అంటే ఏమిటి? సులువైన భాష. సరళంగా చెప్పు అంటే ఏమిటి? తేలిగ్గా చెప్పమని. మరి సరళరేఖ సులువైన రేఖ కాకుండా ఎలా పోతుంది? అది తెలుగు బాగా వచ్చినవాళ్లు మాత్రమే చేయగల తప్పు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఆ భాగ్యం లేదు. ఇదంతా ఆమెకు చెప్పాను. తప్పు తప్పేననీ, మార్కు రాదనీ కూడా చెప్పాను. ఓదార్చడానికి లెక్కల్లో అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

సుద్ద చేతికిచ్చి, స్కేలు లేకుండా నేల మీద ఒక సరళరేఖ గీయమన్నాను. గీసింది. సగం దాకా బాగానే వచ్చి అక్కడి నుంచి కిటికీ వైపు ఒరిగిపోయింది. సులువుగా వచ్చిందా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. సరళమంటే వంకర లేనిది అని ఇంకో అర్థం ఉంది, రేఖ పక్కన ఆ అర్థమే చెల్లుతుంది అన్నాను. తన గీతను కాసేపు చూసి, నేల మీదే చతికిలబడింది. పుస్తకాలు మాత్రం మళ్లీ చేతిలోకి తీసుకోలేదు.

ఆ వారం డ్యూటీ అయ్యాక రోజూ పైకి వచ్చేది. పరీక్ష సంగతి నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు. బిందువు దగ్గర ఆమె బిక్కమొహం వేస్తుందని ఎదురు చూశాను. వేయలేదు.

"కనబడనిదాన్ని నమ్ముడు మాకేమన్న కొత్తనా టీచరమ్మా. ముంగటికి పోండ్రి," అంది.

ముందుకే పోయాను. రేఖకు అటూ ఇటూ చివర ఉండదు, అందుకే బొమ్మలో రెండు వైపులా బాణం గుర్తులు పెడతాం. కిరణానికి మొదలు ఉంటుంది, చివర ఉండదు. డాక్టరు పేషెంటు కంట్లోకి వేసే టార్చి వెలుగును గుర్తు పెట్టుకోమన్నాను. రేఖాఖండానికి రెండు చివర్లూ ఉంటాయి గనక దాన్ని స్కేలుతో కొలవొచ్చు, మిగతా రెంటినీ కొలవలేం. అయితే మెట్రో లైను లైను కాదన్నమాట అంది. వంకర్ల సంగతి పక్కన పెడితే అది రేఖాఖండమే అన్నాను, ఎందుకంటే ఎంత దూరం పోయినా ఆఖరి స్టేషన్లో అందర్నీ దింపేస్తారు. నవ్వింది. వారంలో నేను చూసిన మొదటి నవ్వు అది.

కోణం దగ్గర మాత్రం ఇద్దరం వాదులాడుకున్నాం. భుజాలు పొడుగ్గా గీస్తే కోణం పెద్దదవుతుందని పిల్లలందరూ అనుకున్నట్టే ఆమె కూడా అనుకుంది. ఆసుపత్రి మంచం సంగతి ఎత్తాను. పేషెంటును కూర్చోబెట్టడానికి తల వైపు భాగం పైకి లేపుతారు కదా. నడుము దగ్గర మడత పడే చోటు శీర్షం. వీపు వైపు ఒక భుజం, కాళ్ల వైపు ఇంకో భుజం. మంచం పొడుగుదైనా పొట్టిదైనా పేషెంటు అంతే లేస్తాడు. అది వెంటనే ఎక్కింది. మంచం చదునుగా ఉంటే నూట ఎనభై డిగ్రీల సరళకోణం, నిటారుగా లేపితే తొంభై డిగ్రీల లంబకోణం అన్నాను. అక్కడ ఆమె నన్ను ఆపేసింది. లేపిన కొద్దీ కోణం పెరగాలి గాని తగ్గుడేంది, సిస్టర్ ముప్పై డిగ్రీలు లేపమంటే మేము కొంచెమే లేపుతం, అరవై అంటే ఇంకా లేపుతం అంది.

సిస్టరూ తప్పు కాదు, నేనూ తప్పు కాదు. సిస్టర్ పరుపు లేచిన చోటుకీ, అది ముందు పడుకుని ఉన్న చోటుకీ మధ్య కొలుస్తుంది. నేను వీపుకీ కాళ్లకీ మధ్య కొలుస్తున్నాను. ఒకటి పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ సరళకోణమే. కోణం చెప్పేముందు ఏ రెండు భుజాల మధ్యో చెప్పాలి అన్నాను. ఆ మాట ఆమె నాలుగైదుసార్లు తనలో తాను అనుకుంది. మర్నాడు వచ్చి, వార్డులో మంచం లేపుతూ రెండు కోణాలూ చూశానని చెప్పింది. నా గొప్ప నాకు తెలుసుగాని, ఆ రోజు నిజంగా పొంగిపోయాను.

మళ్లీ ఆదివారం వచ్చింది. క్లాసుకు పోతావా అని అడిగితే చూస్తానంది. మధ్యాహ్నం ఆమె బయల్దేరేసరికి నేనూ చీర మార్చుకుని తయారయ్యాను. ఆ సారుకు సరళం అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో నిలబెట్టి చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. పెద్దావిడను పదిమందిలో నవ్వులపాలు చేయడం ఏ పాఠంలో ఉందండీ అని మొదలుపెడదామనుకున్నాను. పంజగుట్టలో ఆటో దిగి ఆ గేటు దాకా వచ్చాక ఆమె ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు లోపలికి రాకుండ్రి. మీరొచ్చి కొట్లాడితే గెలిచేది మీరు టీచరమ్మా. పరీక్ష రాసేది నేను."

నాకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా నేను ఊరుకోను. అక్కడ మాత్రం గేటు ముందు నుంచి పక్కకు జరిగాను. ఆమె కొంగు సర్దుకుని లోపలికి పోయింది. కూర్చుకున్న మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి, నేను ఎదురుగా ఉన్న హోటల్లో టీ చెప్పి గోడ పక్కన నిలబడ్డాను.

కాసేపటికి మేడమీది కిటికీలోంచి క్లాసంతా ఒక్కసారి నవ్వడం వినిపించింది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి రోడ్డు దాటాను. గేటు మీద చెయ్యి కూడా వేశాను. గెలిచేది మీరు అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను. లోపలికి పోకుండా అక్కడ నిలబడటం నేను జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

క్లాసు వదిలాక అందరితో పాటు బయటికి వచ్చింది. నా మొహం చూసి ముందే చెప్పేసింది.

"నేనే నవ్విచ్చిన. సారు సరళరేఖ అడిగితే లేచి చెప్పిన. మొన్నటి సులువు రేఖ నాదే సార్, గీసి చూసిన, సులువేం కాదు అన్న. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన."

సారు ఏమన్నాడని అడిగాను. బోర్డు దగ్గరికి పిలిచి గీయమన్నాడట. స్కేలు అడిగి తీసుకుని గీసిందట, రెండు వైపులా బాణం గుర్తులు మరచిపోకుండా.

బస్టాపు వైపు నడుస్తున్నాం. సైన్సు పుస్తకం కూడా పాతది ఉంటే ఇవ్వమంది. తర్వాత, మామూలుగా, ఏదో కూరగాయల సంగతి చెబుతున్నట్టు అంది.

"వచ్చేటప్పుడు ఆఫీసు రూముల అడిగొచ్చిన టీచరమ్మా. హాల్ టికెట్లు ఎప్పుడిస్తరని."