కోటగిరి పొలంలో ఆఖరి టేక్

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ తర్వాతి చలికాలంలో, కోటగిరి దగ్గర చెరుకు మీద ఒక లఘుచిత్రం తీసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను డాక్యుమెంటరీలు తీస్తూ, మధ్యమధ్య సినిమా విద్యార్థులకు దర్శకత్వం పాఠాలు చెప్పేవాణ్ణి. నాకు బాగా ఇష్టమైన పాఠం, తొలినాళ్ల హాలీవుడ్‌లో పనిచేసిన ఒక దర్శకుడి గురించి. మూకీల కాలంలో ఆయన కెమెరా తిరుగుతుండగానే నటులతో మాట్లాడుతూ ఉండేవాడట. టాకీలొచ్చి మైకు పెట్టగానే నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా మైకుదేనన్నాడు. కొన్ని సినిమాలకే ఆయన పని అయిపోయింది.

మా చిత్రంలో ముఖ్యుడు సాయన్న. తండ్రి కాలం నుంచి చెరుకు రైతు. దూరపు ఫ్యాక్టరీకి తోలలేక ఆ యేడు చెరుకు మానేసి, వరి వేద్దామని నిర్ణయించుకున్నాడు. ఆయన ఆఖరి చెరుకు నరకడమే మా ఆఖరి షాట్. మరునాడు పొద్దున ట్రాక్టర్ వచ్చి దున్నేస్తుంది. నేను బతిమాలితే, గట్టు పక్కన మూడు దుబ్బులు మాత్రం వదిలి మిగతాదంతా కొట్టించాడు. మూడు దుబ్బులంటే మూడు టేకులు. అవీ అయిపోతే మళ్లీ తీద్దామన్నా పొలంలో చెరుకు ఉండదు.

కెమెరా ఎదురుగా సాయన్న బిగుసుకుపోయేవాడు. అందుకని నేను సౌండ్ రికార్డు ఆపించి, ఆ హాలీవుడ్ పెద్దమనిషి పద్ధతి పట్టుకున్నాను. "నెమ్మదిగా సాయన్నా. ఇప్పుడు పొలం దిక్కు చూడు. మీ నాయనను యాదిచేసుకో" అని చెప్పుకుంటూ పోయాను. ఆయన మర్యాదస్తుడు. పెద్దమనిషి మాట్లాడిస్తే జవాబివ్వకుండా ఉంటాడా?

"సూస్తున్న సారూ. గిటు సూడాల్నా, గటు సూడాల్నా?"

గట్టు మీద కూర్చున్న ఆయన భార్య గంగామణి నవ్వాపుకోలేకపోయింది. రెండో టేకు కూడా అట్లాగే పాడైంది. నాకు విసుగొచ్చింది. కెమెరామన్‌కు సైగ చేసి, మూడోదానికి ఒక్క మాటా అనకుండా నిలబడ్డాను.

సాయన్న కాసేపు నా నోటికేసి చూశాడు. ఏమీ రాకపోయేసరికి తన పనిలో పడ్డాడు. దుబ్బు కొట్టి గడలు పక్కన పడేశాడు. అక్కడితో షాట్ అయిపోయింది. 'కట్' అనబోయి ఆగాను. ఆయన పార అందుకుని వంగి, మోళ్లను నేలమట్టానికి చెక్కుతున్నాడు. ఆ సీమలో చెరుకు కొట్టాక అందరూ చేసే పనే అది. అట్లా చెక్కితేనే కొత్త పిలకలు బలంగా లేచి, వచ్చే యేటికి రెండో పంట అవుతుంది.

గంగామణి నవ్వు ఆగిపోయింది.

"గదెందుకు జెక్కుతున్నవయ్యా? రేపు ట్రాక్టర్ వస్తది గద."

సాయన్న పార ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడ్డాడు. "అవు గద, మర్శిన" అన్నాడు. కొంచెం సేపు ఆ మోళ్లనే చూశాడు. తర్వాత ఆయన మళ్లీ వంగాడు.

"మొదలువెట్టిన గదనే. గీ సాలు అయిపోనీ."

ఆ వరస మోళ్లన్నీ చివరిదాకా చెక్కి, ఎండుటాకు కప్పి, చేతులు దులుపుకున్నాక 'కట్' అన్నాను. మైకు ఆపి ఉండటంతో మాటలు దక్కలేదు. మూకీల్లోలాగా వాళ్లిద్దరి మాటలూ తెరమీద అక్షరాలుగా వేశాను.

మరునాడు ట్రాక్టర్ దున్నడం కూడా తీశాం. ఎడిటింగ్‌లో దాన్ని తొలగించాను. చిత్రం అప్పగించిన వారు అది కావాలని పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. దున్నబోయే పొలంలో మోళ్లు చెక్కే మనిషిని చూశాక చూసేవాళ్లకు ఇక చెప్పాల్సిందేమీ లేదు. ఆ పని చెయ్యమని నేను చెప్పి ఉంటే సాయన్న కాదనేవాడు కాదు, తప్పకుండా చేసేవాడు. కానీ అది చెప్పి చేయించినట్టే ఉండేది.