నేను కోసేసిన ఏడు సెకన్లు

ఒక పాటలో ఏడు సెకన్లు కోసేశాను. ఇరవై ఏళ్లు దాటింది. అప్పటినుంచి ఆ ఏడు సెకన్లను మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకైతే నవ్వూ రాదు, ఏడుపూ రాదు. కట్టుకున్నదానికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెనుకొండ. తొంభైల చివర్లో హిందూపురంలో ఒక రికార్డింగ్ సెంటర్‌లో పనిచేసేవాణ్ని. జనం పాటల చీటీ రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం నా పని. పక్క గదిలో వీడియో గేముల అంగడి. గోడ అవతల నుంచి పొద్దస్తమానం ఆ గేముల పాటలు వినిపించేవి. వాటిలో మాటలుండవు. నిమిషం తిరిగేలోపే చుట్టు పూర్తయి మళ్లీ మొదటికొస్తాయి. వినీ వినీ నాకు పిచ్చి పట్టింది. అంగడాయన్ని బతిమాలి, టీవీ నుంచి వైరు లాగి క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాణ్ని. గేములో బొమ్మను ఒక మూల కదలకుండా నిలబెట్టేస్తే ఎగిరే చప్పుళ్లు, దూకే చప్పుళ్లు పడవు. పాట ఒక్కటే పడుతుంది.

అలాంటి క్యాసెట్ ఒకటి, రెండు పక్కలా ఒకే పాట తిరిగేది, ధర్మవరంలో నాగక్కకు ఇచ్చాను. నాగక్క మా పెద్దమ్మ కూతురు. పట్టుచీరలు నేసేది. సినిమా పాట వింటూ నేస్తే మనసు మాటల వెంట పోయి పోగు తప్పుతుందని రేడియో కూడా పెట్టనిచ్చేది కాదు. ఈ పాట మాత్రం ఆమెకు పట్టుకుంది. ఒక పక్క అయిపోతే తిప్పి మళ్లీ అదే పాట. "ఏమే నాగా, అరిగిపోయిన రికార్డు మాదిరి, యాన్నుంచి తెచ్చినావే దీన్ని?" అని వీధి ఆడవాళ్లు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేది.

రెండు వేల సంవత్సరం దాటాక మా సెంటర్‌లోకి కంప్యూటరు వచ్చింది, ఊళ్లోకి నెట్ సెంటర్ వచ్చింది. గేముల పాటలు ఆల్బములుగా కూడా వస్తాయని, వాటిని వినేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని అక్కడే తెలిసింది. వాళ్లు రాసుకునే గొడవలన్నీ కూర్చుని చదివేవాణ్ని. తిరిగే పాట ఆల్బములో ఒక్క చుట్టు ఉంటే చాలని కొందరు. రెండు చుట్లు తిరిగి మెల్లగా తగ్గిపోవాలని కొందరు. అసలు ఆగకూడదని ఇంకొందరు. నేను రెండు చుట్లవాణ్ని. ఆగకూడదనేవాళ్లంటే నాకు చులకన. వాళ్లకు సంగీతం తెలియదని, నాకు తెలుసని అనుకునేవాణ్ని. నాకేం తెలుసు? నాలుగు ముక్కలు చదివి, పొగరు పెంచుకున్నాను. అంతే.

క్యాసెట్ అరిగిపోయి గరగరమంటోందని, సీడీలోకి ఎక్కించి ఇమ్మని నాగక్క దాన్ని నాకు పంపింది. ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది. "ఏమీ ముట్టద్దప్పా. యాడా నిలపద్దు. తిరుగుతానే ఉండల్ల."

నిలపలేదు. కానీ ఆ పాట మధ్యలో ఒకచోట ఒకే చిన్న ముక్క నాలుగుసార్లు వస్తుంది. నాకది విసుగు. రెండుసార్లు చాలనుకున్నాను. మిగతా రెండూ తీసేసి అతికించాను. యాభై సెకన్ల చుట్టులో ఏడు సెకన్లు పోయాయి. అతుకు ఎంత బాగా కుదిరిందంటే, నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ చుట్టునే సీడీ నిండేదాకా తిప్పి పంపించాను. ఆమెతో చెప్పలేదు. మగ్గంలో కూర్చునే మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మూడు వారాలకు ధర్మవరం వెళ్లాను. ఇంట్లో చాప మీద చీర పరిచి ఉంది. బావ ముఖం మాడ్చుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చీర సగం దాకా బుటాలు సమానమైన ఎడంతో కుదురుగా ఉన్నాయి. ఆ తరువాత సగంలో దగ్గరదగ్గరగా పడ్డాయి. చిటికెన వేలి మందం కూడా తేడా ఉండదు, కానీ చీర నిండా కనిపిస్తోంది. నేయించే షావుకారి మనిషి వచ్చి, ఇది పనికిరాదని చెప్పి వెళ్లిపోయాడట.

నాగక్క నన్ను మగ్గం దగ్గరికి పిలిచింది. బావ వైపు చూసి గొంతు తగ్గించింది.

"బుటాకూ బుటాకూ ఎడం అందరూ పుల్ల పెట్టి కొలుచుకుంటారప్పా. నేను పాటతో కొలుచుకుంటా. ఆరు సుట్లు సాదాగా నేస్తే ఒక బుటా. ఇన్నేండ్లుగా ఒక్కసారి తప్పలేదు. సగం చీరకాడ నీ సీడీ పెట్టినా. ఆ పొద్దున్నించి ఆరు సుట్లకు బట్ట తక్కువొస్తాండాది. పాటలో ఏమన్నా మార్చినావా? నడిమధ్యన ఏదో బిరీన పోయినట్లుండాది."

"లేదక్కా. ఉండేది ఉన్నట్లే ఎక్కించినా."

"పాత క్యాసెట్ తెచ్చియ్యి. ఒకసారి ఇని చూస్తా."

"అది పారేసినానక్కా."

అది నా భుజానికున్న సంచిలోనే ఉంది.

ఆమె తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. తరువాత, "నువ్వు లేదంటివి. ఇంగ నాకే మళ్లా వచ్చిండాది" అంది.

ఏం వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పుడు నాగక్కకు ఒక జబ్బుండేది. పడిపోయేది కాదు. కూర్చున్నచోటే చూపు నిలిచిపోయేది, పిలిచినా పలికేది కాదు, తేరుకున్నాక ఏమీ గుర్తుండేది కాదు. మాత్రలతో పెళ్లికి ముందే నయమైంది. ఇప్పుడు తన చెయ్యి తనకు తెలియకుండా ఆగిపోతోందని, అందుకే బట్ట తక్కువొస్తోందని అనుకుంది. ఆ మాట బావ విన్నాడు. ఆయన కోపమంతా భయమైపోయింది. "మగ్గం గుంటలో కూచుండే పని. ఆడ నీకేమన్నా అయితే?" అన్నాడు. మరుసటి రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పాత మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. నాగక్క మళ్లీ మగ్గంలో కూర్చోలేదు.

ఎందుకు లేదన్నాను? బావకు భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. ఊరంతా విని ఊరుకున్న పాటలో, కంప్యూటరు ముందు కూర్చుని నేను ఎవరికీ దొరకదనుకుని పెట్టిన అతుకును, అయిదో తరగతి కూడా చదవని మా అక్క మగ్గం చప్పుడు మధ్యలో పట్టుకుందే, అది ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఒక్క మాట. "అవునక్కా, నేనే." అంటే ఏం పోయేది? తిట్టేది. బావ రెండు తగిలించేవాడేమో. అంతే కదా? తిరిగొస్తూ క్యాసెట్‌ను రైలు కిటికీలోంచి విసిరేశాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేశాను.

ఆ మాత్రలతో ఆమెకు మబ్బుగా ఉండేది. మగ్గంలో వేరే మనిషి కూర్చున్నాడు, ఆమె పక్కన కూర్చుని కండెలకు పట్టు పోగు చుట్టేది. చుట్టిన కండెలు కూడా కూతురితో మళ్లీ లెక్క పెట్టించుకునేది. బియ్యంలో పోసే నీళ్లు కూడా కూతుర్ని అడిగి పోసేది. నేను వెళ్లిన ప్రతిసారీ అన్నం పెట్టేది. నేను తినేవాణ్ని. గొంతు దిగేది కూడా. మీకు దాచకుండా చెప్తున్నాను, బాగానే దిగేది.

కొన్నేళ్ల తరువాత ఒకసారి పెనుకొండ స్టేషన్‌లో కలిసింది. మా ఇంట్లో శుభకార్యానికి వచ్చి తిరిగి వెళ్తోంది. రైలు ఆలస్యం. బెంచీ మీద కూర్చుని తనలో తాను ఆ పాటే పాడుకుంటోంది. మధ్యలో ఆ ముక్క వచ్చింది. లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. తరువాత ముందుకు పోయింది. నా సీడీ కాదు, పాత పాటే, చెక్కుచెదరకుండా ఆమెలో ఉంది.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు?" అంది.

"ఏం లేదక్కా" అన్నాను. రైలొచ్చింది. సంచి అందించాను.

ఆమె ఇప్పటికీ ధర్మవరంలోనే ఉంది. ఆ మాత్రలు ఇప్పటికీ మింగుతోంది. ఆమెతో చెప్పకుండా మీతో చెప్పడం ఏం మగతనం అని అడుగుతారు. అడగండి. ఇన్నేళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా నా నోటినుంచి బయటికి రాలేదు, ఇది రాస్తుంటే ముందు నా పెదవులు కదిలాయి. అంతవరకే నాకు చేతనైంది. నాగక్కకు ఏ జబ్బూ తిరిగి రాలేదు. ఆమె చెయ్యి ఆగలేదు. ఆమె లెక్క తప్పలేదు. పాటను పొట్టి చేసింది నేను. అడిగితే లేదన్నది నేను.