సున్నం కింద అక్షరం

మా కాలువగట్టు శివాలయంలో ఒక రాతిస్తంభం ఉంది. దాని మీద చెక్కినదంతా ఒక్క ఏడాది సంగతే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ ఏడు రాజుకి పట్టాభిషేకం జరిగింది, గుడికి మండపం లేచింది, ఒక తల్లి తన కొడుకు పుణ్యం కోసం ఆవులనిచ్చి అఖండదీపం పెట్టించింది.

ఆడపిల్లనని నన్ను బడికి పంపకపోయినా, నాన్నగారు ఇంట్లోనే పలక మీద పాత అక్షరాలు కూడా దిద్దించారు. ఆ భాగ్యానికి ఇప్పటికీ పొద్దున్నే ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను. పూజారిగారు అడిగితే ఆ చదువుతోనే శాసనం చదివిపెట్టాను. ‘కొడుకు’కి ముందున్న మాటలో మొదటి అక్షరం మీద సున్నం పేరుకుపోయింది. ‘ట్టిన’ మాత్రమే కనిపించింది. ‘పుట్టిన’ అనేశాను. ఆయన అదే బోర్డు మీద రాయించారు. అప్పట్నుంచి పిల్లల కోసం మొక్కుకునేవాళ్లు ఆ స్తంభం దగ్గర దీపం పెడుతున్నారు.

వాళ్లలో చేపలమ్ముకునే ఒకావిడ ఉంది. రెండు కాన్పుల్లోనూ బిడ్డలు దక్కలేదు. ఇప్పుడు ఏడో నెల. ప్రతి సోమవారం బుట్ట బయటే దించి, కాలువలో కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, ఒత్తి వెలిగించేది.

మొన్నామధ్య రంగులు వెయ్యడానికని సున్నం గీకించారు. వెళ్లి చూద్దును కదా, అక్కడున్నది ‘పు’ కాదు, ‘గి’. గిట్టిన కొడుకు. వెంటనే పూజారిగారిని పిలిచి చూపించాను.

“ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తారండీ?” అన్నారు పూజారిగారు. “ఆ పిల్ల కాన్పయ్యేదాకా ఊరుకోండి.”

ఊరుకుందామనే అనుకున్నాను. రెండు సోమవారాలు ఆమె కంట పడకుండా వచ్చేశాను. జపానికి కూర్చుంటే కళ్లముందు ఆ అక్షరమే. ఆమె దణ్ణం పెడుతున్నది శివుడికి కాదు, నా తొందరపాటుకి అనిపించేది. మూడో సోమవారం చెప్పేశాను.

ఆమె కడుపు మీద చెయ్యేసుకుని స్తంభాన్నే చూస్తూ నిలబడింది.

“అయితే ఆ తల్లి పోయిన బిడ్డకి పెట్టిందా అమ్మగారూ?”

“అవునమ్మా. నన్ను క్షమించు.”

“మా అత్త నన్ను పెట్టనివ్వలేదండి. పేరైనా పెట్టని పిల్లలకి దీపమేంటే, పిచ్చిమొహమా అంది.” సీసా పైకెత్తి నూనె ఎంతుందో చూసుకుంది. “ఇంకో రెండు ఒత్తులుంటే ఇప్పించండి.”

నా సంచిలో పత్తి ఉంది. రెండు ఒత్తులు చేసి ఇచ్చాను. ఆ రెండూ స్తంభం మొదట్లో పక్కపక్కనే వెలిగించింది. మూడోది, కడుపులో బిడ్డది, వాటికి తగలకుండా బాగా ఎడంగా పెట్టింది.