శంకరవ్వ తినకుండా ఆగిన పువ్వు

బోథ్ అవతల గడ్డి బీళ్లలో మేకలు కాసే శంకరవ్వకు అరవై ఐదు దాటాయి. ముందరి పళ్లు నాలుగూ ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆ బలమంతా నీళ్లగడ్డలదే అంటుంది. వానలు పడ్డాక గడ్డిలో సన్నటి తీగ లేస్తుంది, దాని కింద ఉసిరికాయంత గడ్డ. కట్టెతో పెకిలించి, కొంగుకు తుడిచి నోట్లో వేసుకుంటే దప్పిక తీరుతుంది. మేకలు కాసేవాళ్లకు పొద్దున తిన్న సద్ది అరిగాక అదే ఆధారం.

నిరుడు వానాకాలంలో కరీంనగర్ నుంచి ప్రవళిక అనే కాలేజీ పిల్ల వచ్చింది. ఆమె చేతిలోని ఫోటోలో ఉన్నది ఆ తీగే. చాలా అరుదైనదట. ఎక్కడెక్కడ ఉందో మ్యాపులో గుర్తు పెడుతోంది. శంకరవ్వ చెప్పుకుంటూ పోయింది. ఇచ్చోడ దారి పక్కన తన పెండ్లినాటికి బోలెడు ఉండేవి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. వాగొడ్డు బీడు పత్తిచేనైంది. గుట్ట కిందివి మాత్రం తనూ, తోడు మేకలు కాసే రాయమల్లూ కలిసి తిని ముగించారు.

"మరి ఇప్పుడు ఎక్కడున్నయి అవ్వా?"

శంకరవ్వ పొట్ట తట్టుకుంది. "చానా మట్టుకు ఈడనే ఉన్నయి బిడ్డా."

పువ్వు ఎలా ఉంటుందని అడిగితే బిక్కమొహం వేసింది. చిన్నప్పటి నుంచి తింటున్నది గానీ పువ్వును చూడలేదు.

"పూసేదాంక ఎవడాగుతడు?"

మేకలు మేపుకోవడానికి మిగిలిన ఒక్క బీడునూ దసరా తర్వాత దున్ని నీలగిరి నాటుతారని అప్పటికే కబురు వచ్చింది. నీలగిరి ఆకును మేక ముట్టదు. బీడు పోతే మందనంతా అమ్ముకోవాల్సిందే. పువ్వుతో సహా ఫోటో తీసి చూపిస్తే ఆ జాగా వదలమని ఫారెస్టు ఆఫీసులో అడగవచ్చని, ఉత్త తీగనైతే ఎవరూ నమ్మరని ప్రవళిక చెప్పింది.

మూడు రోజులు వెతికితే ఒక్క తీగ దొరికింది. శంకరవ్వ చుట్టూ ముళ్లకంప వేసింది. మేకల నుంచి కాపాడటం తేలికే, తన చేతి నుంచి కాపాడటమే కష్టమైంది. గడ్డలు తవ్వే కట్టెను ఇంట్లోనే వదిలి రాసాగింది. అన్నిటికన్నా పెద్ద గండం రాయమల్లు. నలభై ఏళ్లుగా ఆమెతో పాటు మేకలు కాస్తున్నవాడు. ఎక్కడ కంప కనబడినా లోపల తినేదేదో ఉందని అతని నమ్మకం.

"గా కంపల ఏముందక్కా?"

"ఏముంటది తమ్మీ. షుగరొచ్చినకాంచి దూరం పోలేకపోతున్న. గా చాటుకే ఒంటికి కూసుంటున్న."

రాయమల్లు ఆ దిక్కు చూడటమే మానేశాడు.

బతుకమ్మకు వారం ముందు పూసింది. చిటికెన వేలంత పువ్వు, కింద పొట్ట ఉబ్బి చిన్న కందీలులా ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ప్రవళిక బురదలో బోర్లా పడుకుని ఫోటోలు తీస్తుంటే, శంకరవ్వ వంగి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"గింత పరేషాన్ చేసింది గిదేనా? గడ్డనే నయముండె."

ఆ ఫోటోలు చూసి ఆఫీసువాళ్లు వచ్చారు, కొలిచారు, నాలుగెకరాలు దున్నకుండా వదిలారు. మందకంతా అది చాలదు. శంకరవ్వ సగం మేకలను అమ్మేసింది, సగం మిగిలాయి. కంప పక్కన తవ్వరాదని బోర్డు పాతారు. ఈ ఏడాది తీగలు ఐదయ్యాయి. బోర్డు ఉంది కదా, ఇక రాయమల్లుకు నిజం చెప్పొచ్చు కదా అని ప్రవళిక ఫోన్లో అడిగింది.

"బోర్డు జూసి ఆగేటోడైతే ఎన్నడో చెప్పకపోదునా బిడ్డా" అని ఫోను పెట్టేసింది శంకరవ్వ. చెంబు తీసుకుని, రాయమల్లుకు కనబడేటట్టుగా, కంప దిక్కు నడిచింది.