చీపురు పొదకు కాయ దొరికిన రోజు

పుట్టింటి నుంచి తెచ్చుకున్న చీపురే ఈ ప్రయాణానికి కారణం. మా పక్కింటి ప్రమీల మేడమ్ గూడూరులో కాలేజీ పిల్లలకు మొక్కల పాఠం చెబుతారు. పోయిన ఏడు నేను వాకిలి ఊడుస్తుంటే, పుల్లలకు అంటుకొని ఉన్న ఎండుపూలు చూసి చీపురు లాక్కున్నంత పని చేశారు. అలాంటి పూలు ఆమె ఏ పుస్తకంలోనూ చూడలేదట.

"కాయ కూడా చూస్తేనే సువార్తమ్మా, ఇది కొత్త మొక్కని రాయగలం" అన్నారు.

పొద్దున ఆరున్నరకు గూడూరులో వాకాడు బస్సెక్కాం. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు మరవకండి. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని కదా, కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళ బోర్డులన్నీ చదువుకున్నాను. కోటలో ఇడ్లీ తిన్నాం. వాకాడు నుంచి సముద్రం వైపు షేర్ ఆటో దొరుకుతుంది.

మా పుట్టిల్లున్న పాలెం చేరి ఇసుక దిబ్బ ఎక్కి చూస్తే, పొదలన్నీ మొదలుకంటా కోసేసి ఉన్నాయి.

"కోత పండగ గదా! చర్చి వాకిలి ఊడ్చేదానికి ఇంటికో చీపురు కట్టినాము" అంది మా అన్న భార్య రూతమ్మ వదిన. "ఏటా పూత మీదే కోస్తాం. కాయ దాకా ఆగితే పుల్ల ఇరిగిపోద్ది."

మేడమ్ ఇసుకలో కూలబడ్డారు.

"ఏందమ్మా, చీపురు పుల్లకు ఇంత దిగులా? మా ఆయన వల కొట్టుకుపోయినప్పుడు గూడా నేనిట్టా కూర్చోలా!" అంది వదిన.

"కోయని చోటే లేదా వదినా?" అన్నాను.

"సమాధుల దొడ్లో ఉండాయి. ఆడిది ఎవురు కోస్తారు? సచ్చినోళ్ళ దగ్గరది ఇంటికి తెస్తామా?"

ముగ్గురం అటు నడిచాం. మా అమ్మ సమాధి పక్కనే నడుమెత్తు పొద, నిండా మిరియాలంత కాయలు. మేడమ్ ఒకటి బ్లేడుతో కోసి, భూతద్దం పెట్టి చూశారు. ఇంకోటి కోశారు. మరొకటి.

"దీని చుట్టాలన్నిటికీ కాయలో మూడు గదులు. దీనికి రెండే!" అని గట్టిగా అరిచారు మేడమ్.

"ఒకటి తక్కువైతే ఇంత సంతోషమా?" అంది వదిన.

చేపల పులుసుతో భోజనం పెట్టి, వచ్చే ఏడు దిబ్బ మీద కూడా కొన్ని పొదలు కాయ దాకా వదిలేస్తామని మాటిచ్చింది. వద్దన్నా వినకుండా కొత్త చీపురొకటి చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో కండక్టరు నవ్వాడు. "గూడూరులో చీపుర్లు దొరకవా అక్కా? ఏం చెట్టుది?"

నేను మేడమ్ వైపు చూశాను. కాయల కొమ్మను న్యూస్‌పేపర్ల మధ్య సర్దుతూ, "ఇంకా పేరు పెట్టలేదు" అన్నారామె. మొక్కల చదువులో పెద్ద పెద్దవాళ్ళు చూసి ఒప్పుకున్నాకే పెడతారట.

సముద్రం చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆ దిబ్బలూ ఎక్కండి. కోత పండగ దాటాక వెళితే కాయలు కనబడాలి. నేను మాత్రం గూడూరు దాకా ఆ చీపురును ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను, పూలు రాలకుండా.