పిన్ని ఎక్కే దారి

మా బాబాయి అసలు పేరు పార్కులో ఎవరికీ అక్కర్లేదు. అందరూ ఆయన్ని దంతె తాత అంటారు. పొడవాటి కర్రకు ఇనప పళ్ళు బిగించిన దంతెతో, కొండమీద మోటారు బండ్లు తిరిగే మట్టి దారుల్ని పొద్దున్నే గీకి, గుంతలు పూడ్చి, సాపు చేయడం ఆయన ఉద్యోగం. నాది గేటు దగ్గర టికెట్ల కిటికీ. పొద్దస్తమానం దుమ్ము తింటూ కూర్చుంటాను కాబట్టి నా నోరు కాస్త దురుసే, ముందే చెబుతున్నాను.

కుర్రాళ్ళు బండ్ల మీద ఎగిరిపడే దారులు పార్కులో చాలా ఉన్నాయి. వాటిని బాబాయి పైపైన గీకి వదిలేస్తాడు. ఆయన ప్రాణమంతా వాగు పక్కనుంచి చుట్టూ తిరిగి కొండపైకి వెళ్ళే ఏటవాలు దారి మీద. ఎందుకో నాకు తెలుసు. మా పిన్నికి వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. సెలవు వస్తే చాలు, ఆమెను నాలుగు చక్రాల మోటారు బండి మీద వెనక కూర్చోబెట్టి, తన నడుముకి బెల్టుతో కట్టుకుని, ఆ దారిలో మెల్లగా పైకి తీసుకెళ్తాడు. మిగతావన్నీ నిటారు దారులు, ఆ కుదుపులకు ఆమె తట్టుకోలేదు. పిన్ని పైన కాసేపు కూర్చుని, గాలి పీల్చుకుని, కింద కనిపించే ఇళ్ళవాళ్ళందరినీ పేరుపేరునా ఆడిపోసుకుని దిగి వస్తుంది. వారమంతా మంచం మీద ఉండే మనిషికి అదొక్కటే సంబరం.

ఒకరోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. పార్కుకి ఇరవై ఏళ్ళ ప్రణాళిక వేస్తారట. ముందు పర్యావరణ సమీక్ష చేసి, ఏ దారి ఉంచాలో ఏది మూసెయ్యాలో తేలుస్తారట. మట్టీ నీళ్ళూ పరీక్షించే మేడమ్ ఒకావిడ వచ్చి, ప్రతి దారి కిందా వాన నీళ్ళు వాగులో కలిసేచోట గుడ్డ తెరలు కట్టించింది. వానలు తగ్గాక వాటిలో ఎంత మట్టి చేరిందో చూస్తారు.

బాబాయికి గుబులు పట్టుకుంది. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు తుడిచినట్టు, ఆ ఏటవాలు దారిని రెండు పూటలా గీకడం మొదలెట్టాడు. వాన వెలిసిందంటే దంతె భుజాన వేసుకుని బయల్దేరేవాడు.

"కాస్త కూర్చో బాబాయ్. నీ నడుం కూడా పడిపోతే ఇంట్లో ఇద్దరవుతారు" అన్నాను.

"గుంతలు కనబడితే మూసేస్తారే అమ్మాయ్. నున్నగా ఉంటే ఏం వంక పెడతారు?" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. అద్దంలా ఉన్న దారిని ఎవరు మాత్రం కాదంటారు?

వానలు తగ్గాక ఆఫీసు హాల్లో మీటింగు పెట్టారు. బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని వెనక వరసలో నా పక్కన కూర్చున్నాడు. మేడమ్ మంచి మనిషే, ఎవరినీ వేలెత్తి చూపలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అన్నిటికంటే ఎక్కువ మట్టి ఏటవాలు దారి కింది తెరలోనే చేరింది. మిగతా దారులు బండ్లు తొక్కీ తొక్కీ గట్టిపడ్డాయి. దీని పైపొరను మాత్రం మాటిమాటికీ గీకి వదులు చేశారు, వాన పడ్డప్పుడల్లా అది వాగులోకి జారిపోయింది. చేపలు గుడ్లు పెట్టే రాళ్ళన్నీ బురదలో కూరుకుపోయాయి. అందుకని ఈ దారి మూసేసి గడ్డి పెంచాలి. ఇరవై ఏళ్ళ ప్రణాళికలో ఇది లేదు.

"దీన్నొక్కదాన్నే ఇంతలా ఎందుకు గీకారండీ?" అని ఆవిడ మామూలుగానే అడిగింది.

బాబాయి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి పిన్ని సంగతి చెప్పబోతే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వద్దే. ఆవిడ చెప్పింది నిజమే కదా" అన్నాడు మెల్లగా.

ఎక్కువ గీకితే మట్టి జారిపోతుందని ఇన్నేళ్ళలో ఒక్కరైనా ఆయనకు చెప్పి ఉంటే ఏం పోయేది? పనిలో చేరినప్పుడు దంతె చేతికిచ్చి గీకమన్నారు, గీకాడు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, మర్నాడు టికెట్టు కొన్న ప్రతివాడి మీదా చూపించాను.

దారికి అడ్డంగా కంచె వేసే పని కూడా బాబాయికే పడింది. గుంజలు పాతాడు, తీగ బిగించాడు. ఒక్కణ్ణీ ఇంటికి పంపడానికి మనసొప్పక నేనూ వెంట వెళ్ళాను. పిన్ని మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"రేపు ఎండ ఎక్కకముందే వెళ్దామయ్యా" అంది మమ్మల్ని చూడగానే.

బాబాయి ఏమీ దాచలేదు. దారి మూసేశారనీ, తను గీకడం వల్లే మూశారనీ చెప్పేశాడు.

"అంతలా ఎందుకు గీకావయ్యా? నేనేమైనా అడిగానా?" అంది పిన్ని.

"నువ్వెప్పుడు అడిగావు? కుదుపు తగిలినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదానివి. నా వీపుకి తెలిసేది" అన్నాడు.

పిన్ని దువ్వెన పక్కన పెట్టింది.

"ఆ బెల్టు తీసి లోపల పెట్టెయ్" అంది.

బాబాయి మేకుకి వేలాడుతున్న బెల్టు తీసి, చుట్టచుట్టి, మంచం కిందికి తోశాడు.