వైరు పీకినా పడిన అక్షరం

సాంచె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. అన్నం పెట్టే మరమగ్గం మీద ఒట్టేసి మేం నేతవాళ్లం అబద్ధం ఆడం. నవ్వుతారేమో... నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను. కానీ జరిగింది మాత్రం జరిగింది.

మాది సిరిసిల్ల. మా అత్త లచ్చవ్వ నిరుడు చనిపోయింది. ఆమె పాడిన బతుకమ్మ పాటలు మా వాడలో ఇంకెవరికీ రావు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఆమె బతికుండగా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క మీటా వెతికి కంప్యూటర్లో కొట్టాను. పదకొండు పాటలు. కాగితం మీద ఎక్కడా లేవు. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. వాడంతా ఆ పాటల కోసమే చూస్తోంది.

ఆ సాయంత్రం కంప్యూటర్ ఫ్యాను గరగరమంది. సాంచె గరగరమంటే ఏం చేస్తాం? నూనె చుక్క వేస్తాం. నేనూ వేశాను... నాలుగు చుక్కలు.

అంతే. తెర నల్లబడింది. మళ్లీ వేస్తే కుయ్... కుయ్... కుయ్... మూడు కూతలు. తెర మీద ఏమీ లేదు.

మగవాళ్లు రాత్రి పనికి పోయారు. ఇంట్లో నేనూ, నా కోడలు స్వప్నా. పెళ్లికి ముందు కోరుట్లలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసిన పిల్ల. మరలు విప్పి లోపలికి చూసి నెత్తి పట్టుకుంది.

"అత్తమ్మా! సాంచెల నూనె గిండ్ల పోసినవా?"

"గరగరమంటే పోసిన బిడ్డా. తప్పా?"

"ఇంకా నయం, కొబ్బరికాయ కొట్టలె!"

"దసరాకు కొడదామనుకున్న."

ఇద్దరం నవ్వాం. నేను మాత్రం పెట్టెలోకి తొంగి చూశాను.

"పాటలు పోయినయా?"

"పాటలుండే డబ్బ వేరే. తెర వస్తెనే తెలుస్తది."

దూది నూగూ నూనే కలిసి పిండిముద్దలా అతుక్కున్నాయి. స్వప్న కరెంటు వైరు పీకి, పాత పళ్ల బ్రష్షుతో ఫ్యానును గీకింది. మెమరీ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. వేలెడంత పచ్చ రేకు, అంచున బంగారు రంగు పళ్లు.

"నీ రబ్బరు తే. గీ పండ్లు రుద్దు, మెల్లగ."

తప్పులు తుడుచుకునే రబ్బరుతో ఊపిరి బిగబట్టి రుద్దాను. స్వప్న దాన్ని మళ్లీ గుచ్చింది. టక్.

"ఇగ వెయ్యి."

వైరు పెట్టి వేశాను. ఒక్క కూత... ఆగింది. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది! నేను గంతేశాను. ఫైలు తెరిచాం. పదకొండు పాటలూ ఉన్నాయి.

అప్పుడు...

చివరి పాట కింద ఒక అక్షరం పడింది. అ.

మా ఇద్దరి చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.

కాసేపాగి... ఇంకొకటి. అ.

"మీట ఇరికింది అత్తమ్మా. దాని మీద గూడ నూనె పోసినవా?"

స్వప్న కీబోర్డు వైరు పీకి నా ఒళ్లో పెట్టింది. వైరు కొస గాలిలో వేలాడుతోంది. బయట సాంచెల చప్పుడు... టకటక... టకటక...

అ.

ఇరుక్కున్న మీటైతే గడగడా పడాలి. ఇది తడుముకుంటూ పడుతోంది. పైగా మా కీబోర్డులో అ రావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి.

"స్వప్నా... మా అత్త కాదు గద?"

"ఊకో అత్తమ్మా! అవ్వకు అక్షరాలే రావాయె."

"అందుకే గద... ఇంకా అ కాడనే ఉన్నది."

స్వప్న భయంతోనే కిసుక్కుమంది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే తెర వైపు చూశాం. చాలాసేపు ఏమీ లేదు... ఏమీ లేదు... తర్వాత...

ఆ.

మళ్లీ ఏమీ పడలేదు. స్వప్న గబగబా పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది.

తెల్లారి అన్నీ ముద్రించి తెచ్చాం. ఆ నాలుగు అక్షరాలు తుడవడానికి నాకు చెయ్యి రాలేదు. సాయంత్రం పక్కింటి రాజవ్వ కాగితాలు పట్టుకుని పాడింది. ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి. చివరి పాట అయిపోయాక కూడా ఆగలేదు. "అ... అ... అ... ఆ..." అని రాగం తీసింది. చప్పట్ల తాళం తప్పలేదు. వాడంతా అందుకుంది. ఎంత బాగుందో!

తొమ్మిది రోజులూ ఆ పాట అట్లాగే ముగిసింది. చివరి రోజు, సద్దుల నాడు, తంగళ్ళపల్లి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది, లచ్చవ్వ కన్న కూతురు. చప్పట్లు కొడుతూనే నా చెవి దగ్గరికి వంగింది.

"వదినా, మా అవ్వ గిట్ల పాడకపోతుండె. గీ రాగం ఎప్పుడు నేర్చింది?"

పక్కనే ఉన్న స్వప్న నా వైపు చూసింది. నేను చప్పట్లు కొడుతూ ఒక అడుగు ముందుకేశాను.